16 గంటల 20 నిమిషాలు ఎక్కడికి పోయాయో చూపించింది: ఎనిమిది నెలలు వాడాక పీజీబ్యాడ్జర్ మీద నా మాట

పీజీబ్యాడ్జర్ అంటే డేటాబేస్‌లో సమయం ఎక్కడ పోతోందో లెక్క చెప్పే ఉచిత పనిముట్టు. మాది విజయవాడలో మందుల హోల్‌సేల్. అక్కడ సర్వర్, నెట్‌వర్క్, ప్రింటర్లు, బార్‌కోడ్ మెషీన్లు అన్నీ నేనే చూసుకుంటాను. పొద్దున తొమ్మిదిన్నరకు ఆర్డర్లు మొదలవుతాయి. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అవనిగడ్డ, నూజివీడు, తిరువూరు లైను బండ్లు బయల్దేరాలి. ఈలోపు 26 టెర్మినళ్ల మీద సుమారు 1,400 బిల్లులు పడాలి. బండి వెళ్లిపోయాక పడిన బిల్లు మర్నాటికే. అంటే ఆ ఊళ్లో మెడికల్ షాపతను మర్నాటి దాకా ఆగాలి, అతని దగ్గర ఇన్సులిన్ కోసం నిలబడ్డ పెద్దాయనా ఆగాలి. డేటాబేస్ నెమ్మదిస్తే నాకు అంత టెన్షన్ ఎందుకో చెప్పడానికే ఇదంతా ముందు రాశాను.

పోయిన ఎండాకాలం నుంచి పొద్దున పది దాటితే చాలు, బిల్లింగ్ తెర బిగుసుకుపోయేది. "తమ్ముడూ, మందు పేరు కొట్టి ఎంటర్ నొక్కి, వెళ్లి మంచినీళ్లు తాగొచ్చినా ఇంకా రాలా" అని బిల్లింగ్‌లో సీనియర్ అక్క రోజుకు నాలుగుసార్లు నా గదికి వచ్చేది. సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన వాళ్లకు ఫోన్ చేస్తే ర్యామ్ పెంచమన్నారు. 32 జీబీ ఉన్నదాన్ని 64 చేశాం. ఒక్క సెకను తేడా రాలేదు. మళ్లీ అడిగితే డేటా ఎక్కువైపోయింది, పాతది తీసేద్దామన్నారు. మందుల వ్యాపారంలో పాత బ్యాచ్‌ల వివరాలు అలా తీసేయడం కుదరదు. ఎక్స్‌పైరీ రిటర్నులు వస్తాయి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఫలానా బ్యాచ్ ఎవరికి అమ్మారని అడుగుతారు.

చివరికి నింద అకౌంట్స్ మీద పడింది. స్టాక్ ఏజింగ్ రిపోర్ట్ (ఏ సరుకు ఎన్నాళ్లుగా ఉందో చెప్పేది) తీయడానికి నాలుగు నిమిషాలు పైనే పడుతుంది కాబట్టి అదే అందరినీ ఆపేస్తోందని తేల్చేశారు. రిపోర్టులన్నీ రాత్రి ఎనిమిది తర్వాతే తీయాలని ఓనరు గారు చెప్పారు. అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయి ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్లే మనిషి. నాలుగు నెలల పాటు ఆఫీసులో రాత్రి తొమ్మిదింటి దాకా ఉండిపోయింది. అప్పుడు నేనూ అవునేమో అనుకుని ఊరుకున్నాను. ఈ రివ్యూ రాయడానికి సగం కారణం అదే.

మా సర్వర్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ 13, దాని మీద డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14. ప్రాసెసర్‌కు ఎనిమిది కోర్లు, అద్దంలా ఒకదానికొకటి నకలుగా పెట్టిన రెండు ఎస్ఎస్‌డీ డిస్కులు. ఒకరోజు పదిన్నరకు, తెరలు బిగుసుకుని ఉన్నప్పుడే, సర్వర్ మీద భారాన్ని అంకెల్లో చూపించే వీఎంస్టాట్ ఐదేసి సెకన్లకు ఒకసారి వచ్చేలా నడిపి పక్కన కూర్చున్నాను. మొదటి గడిలో ఆర్ అని ఉంటుంది, ప్రాసెసర్ కోసం క్యూలో ఉన్నవాళ్ల సంఖ్య అది. 22, 27, 31, 25 అని పడుతోంది. ఉన్నవి ఎనిమిది కోర్లే. చివరి గడి ఐడీ, అంటే ఖాళీ సమయం. అది సున్నా దగ్గరే ఆగిపోయింది. మధ్యలో పీఓ అనే గడి జ్ఞాపకం చాలక డిస్కు మీదకు నెట్టేసిన పేజీలను చూపిస్తుంది. అందులో వరసగా సున్నాలే. ఇంకో తెర మీద డిస్కుల పని చూపించే జీస్టాట్ పెడితే డిస్కులు నూటికి ఐదు పాళ్లు కూడా పని చేయడం లేదు.

అంటే ర్యామ్‌కు కొరత లేదు, డిస్కు మీద భారం లేదు. ప్రాసెసర్ మాత్రం ఊపిరాడకుండా ఉంది. ఈ రెండు తెరలు చూడటానికి ఐదు నిమిషాలు పట్టింది. ర్యామ్ కొనకముందు ఈ ఐదు నిమిషాలు ఎవరైనా పెట్టి ఉంటే ఆ డబ్బు మిగిలేది. సర్వర్ నెమ్మదిగా ఉందని ఎవరన్నా చెబితే మొదట ఇక్కడి నుంచే మొదలుపెట్టమని అందరికీ చెబుతున్నాను.

కానీ ప్రాసెసర్‌ను తినేస్తున్నది ఎవరు? నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే టాప్ పెట్టి చూస్తే ముప్పై పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌లు కనిపిస్తాయి, అన్నీ ఒకేలా. ఒకటి పోతే ఇంకొకటి పైకొస్తుంది. ఏ క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంత సమయం తీసుకుంది అన్న లెక్క అందులో దొరకదు. ఆ లెక్క కోసమే పీజీబ్యాడ్జర్ దగ్గరకు వెళ్లాను.

తెలియనివాళ్ల కోసం: పోస్ట్‌గ్రెస్ తన పని గురించి రాసుకునే లాగ్ ఫైళ్లను చదివి ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ పేజీగా నివేదిక తయారు చేసే పనిముట్టు ఇది. పెర్ల్ భాషలో రాశారు. రాసింది ఫ్రాన్స్‌కు చెందిన జిల్ దారోల్డ్. ఒరాకిల్ డేటాబేస్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారేవాళ్లు వాడే ఓరా2పీజీ కూడా ఆయనదే. ఉచితం, సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీలో ప్యాకేజీగానే దొరుకుతుంది, ఒక్క ఆదేశంతో ఎక్కిపోయింది. డేటాబేస్‌కు కనెక్ట్ అవ్వదు, అందులో ఏదీ మార్చదు, కేవలం లాగ్ చదువుతుంది. లాగ్ ఫైళ్లను నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని అక్కడే నడుపుతాను కాబట్టి, అసలే ఊపిరాడని సర్వర్ మీద ఇంకో బరువు పెట్టినట్టు అవ్వదు. నాకు బాగా నచ్చింది అదే.

ఎక్కించడం తేలికే గానీ దానికి తిండి సరిగ్గా పెట్టడానికి నాకు రెండు రోజులు పోయాయి. మీకు పోకూడదని చెబుతున్నాను. మొదటి రోజు రిపోర్ట్ ఖాళీగా వచ్చింది, క్వెరీలు సున్నా. మా దగ్గర పోస్ట్‌గ్రెస్ తన మాటలన్నీ సిస్టమ్ మొత్తానికి ఉండే సిస్‌లాగ్‌కు పంపుతోంది. దాన్ని మార్చి, లాగింగ్ కలెక్టర్ ఆన్ చేసి సొంత ఫైళ్లలో రాసేలా పెట్టాను. ఈ ఒక్కదానికి డేటాబేస్ రీస్టార్ట్ కావాలి, అందుకని రాత్రి బండ్లన్నీ తిరిగొచ్చాక చేశాను. ప్రతి లాగ్ లైను ముందు ఏం రాయాలో చెప్పే లాగ్ లైన్ ప్రిఫిక్స్ అనే సెట్టింగ్‌లో సమయం, ప్రాసెస్ నంబరు తప్పనిసరిగా ఉండాలి. నేను వాటికి యూజర్ పేరు, డేటాబేస్ పేరు, అప్లికేషన్ పేరు, క్లయింట్ చిరునామా కూడా కలిపాను. పీజీబ్యాడ్జర్‌కు కూడా అదే ప్రిఫిక్స్‌ను అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి. మధ్యలో ఒక ఖాళీ తప్పినా అది ఏమీ చదవదు. అలాగని పెద్దగా అరిచి చెప్పదు కూడా, ఖాళీ రిపోర్ట్ చేతిలో పెడుతుంది. కొత్తవాళ్లను ఎక్కువగా విసిగించేది ఇదే.

రెండో రోజు క్వెరీలు వచ్చాయి గానీ సమయాలు రాలేదు. ఎప్పుడో ఎవరో లాగ్ స్టేట్‌మెంట్ అనే సెట్టింగ్‌ను ఆల్ అని పెట్టి వదిలేశారు. అది ఉంటే పోస్ట్‌గ్రెస్ క్వెరీని ఒక లైనులో, అది తీసుకున్న సమయాన్ని ఇంకో లైనులో విడివిడిగా రాస్తుంది. దాన్ని నన్ అని మార్చి, లాగ్ మిన్ డ్యూరేషన్ స్టేట్‌మెంట్‌ను సున్నా చేశాను. అంటే ప్రతి క్వెరీని అది తీసుకున్న సమయంతో సహా రాయమని. దాంతో పాటు లాక్ వెయిట్లు (ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు ఆగడం), చెక్‌పాయింట్లు (మార్పుల్ని డిస్కు మీదకు దించడం), టెంపరరీ ఫైళ్లు, ఆటోవాక్యూమ్ (పనికిరాని పాత వరసల్ని శుభ్రం చేయడం) కూడా లాగ్‌లోకి వచ్చేలా పెట్టాను. వీటికి రీస్టార్ట్ అక్కర్లేదు, రీలోడ్ చాలు.

సున్నా పెట్టడం అంటే చాలామందికి భయం. పెద్ద క్వెరీలే కదా మనకు కావాల్సింది, ఐదు సెకన్లు దాటినవి రాస్తే సరిపోదా అంటారు. నేనూ మొదట అలాగే ఐదు సెకన్లు పెడదామనుకున్నాను. పెట్టి ఉంటే మా అసలు దొంగ ఎప్పటికీ దొరికేవాడు కాదు.

మూడో రోజు, అంటే బుధవారం రాత్రి, రిపోర్ట్ తెరిచాను. 3 జీబీ లాగ్. నాలుగు కోర్లు వాడుకొమ్మని చెబితే నా ల్యాప్‌టాప్ మీద ఆరు నిమిషాల్లో తయారైంది. పైన రోజంతా గంటగంటకూ ఎన్ని క్వెరీలు నడిచాయో గ్రాఫ్. పది నుంచి పన్నెండున్నర దాకా కొండలా లేచి ఉంది. అందరం ఎదురుచూసిందే. అక్కడి నుంచి టాప్ అన్న మెనూలోకి వెళ్తే క్వెరీల పట్టికలు ఉంటాయి. వాటిలో రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడటంలోనే ఈ పనిముట్టు విలువంతా ఉంది.

మొదటి పట్టికలో ఒక్కసారి నడవడానికి ఎక్కువ సమయం పట్టిన క్వెరీలు ఉన్నాయి. అందులో మొదటి స్థానంలో అకౌంట్స్ అమ్మాయి తీసే స్టాక్ ఏజింగ్ రిపోర్టే. 4 నిమిషాల 10 సెకన్లు. ఆ రోజు రెండుసార్లు తీసింది, మొత్తం 8 నిమిషాల 20 సెకన్లు, రెండూ రాత్రి ఎనిమిది తర్వాతే. రెండో పట్టికలో మొత్తం సమయాన్ని బట్టి పేర్చిన క్వెరీలు. అంకెలు మాత్రమే వేరుగా ఉండి రూపం ఒకటే అయిన క్వెరీలన్నిటినీ పీజీబ్యాడ్జర్ ఒక గుంపుగా కట్టి, ఎన్నిసార్లు, సగటు ఎంత, మొత్తం ఎంత అని లెక్క చెబుతుంది. అందులో మొదటి స్థానంలో ఉన్న క్వెరీ నేను ఎప్పుడూ వినలేదు. పార్టీ (మా దగ్గర కొనే షాపు) బాకీ ఎంతుందో కూడి చెప్పే చిన్న క్వెరీ, రెండు లైన్లు కూడా లేదు. సగటున 350 మిల్లీసెకన్లు. నడిచింది మాత్రం 1,68,000 సార్లు. మొత్తం 16 గంటల 20 నిమిషాలు.

ఒక్క రోజులో, ఒక్క క్వెరీకి, 16 గంటల 20 నిమిషాలు. 26 టెర్మినళ్లలో విడివిడిగా గడిచిన సమయం అంతా కలిపితే అంత. ఆ అంకె చూశాక నాకు అకౌంట్స్ అమ్మాయి ఎక్కే ఉయ్యూరు బస్సు గుర్తొచ్చింది.

1,68,000 సార్లు ఎలా అయింది? 1,400 బిల్లులు, ఒక్కో బిల్లులో సుమారు 12 మందులు, అంటే 16,800 వరసలు. మర్నాడు పొద్దున అక్క పక్కన కుర్చీ వేసుకుని ఆమె బిల్లు కొడుతుంటే చూశాను. వరసలో పది గడులుంటాయి: మందు పేరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ, కేసులు, స్ట్రిప్పులు, ఫ్రీ, రేటు, డిస్కౌంట్, జీఎస్టీ, మొత్తం. ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లినప్పుడల్లా తెర పైన మూలలో ఎర్ర అంకెల్లో పార్టీ బాకీ ఒకసారి మిణుకుమని మళ్లీ పడుతోంది. ప్రతి గడికీ బాకీని మొదటి నుంచి కూడుతోంది. "ఆ అంకె మీరు ఎప్పుడన్నా చూస్తారా అక్కా?" అని అడిగాను. "బిల్లు మొదలెట్టేటప్పుడు ఒకసారి చూస్తాం తమ్ముడూ, తర్వాతెందుకు?" అంది.

పీజీబ్యాడ్జర్ ప్రతి గుంపు కింద నిజంగా నడిచిన కొన్ని ఉదాహరణలను అసలు విలువలతో సహా ఇస్తుంది. అందులో ఒకటి కాపీ చేసి, క్వెరీ ఎలా నడిచిందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ దాని ముందు తగిలించి నడిపాను. సీక్వెన్షియల్ స్కాన్ అని వచ్చింది. పార్టీల ఖాతాలుండే లెడ్జర్ టేబుల్‌లో 12 లక్షల వరసలున్నాయి. మాకు ఉన్న 1,900 పార్టీల్లో ఒక్క పార్టీ లెక్క కోసం ఆ 12 లక్షలూ మొదటి నుంచి చివరి దాకా చదివి, ఆరు వందల చిల్లర వరసలు ఉంచుకుని మిగతావన్నీ పారేస్తోంది. టేబుల్ మొత్తం ర్యామ్‌లోనే ఉంది కాబట్టి డిస్కు కదలదు, ప్రాసెసర్ మాత్రం నలిగిపోతుంది. వీఎంస్టాట్‌లో చూసింది సరిగ్గా ఇదే.

లెడ్జర్ టేబుల్‌లో పార్టీ నంబరుకు ఫారిన్ కీ ఉంది, అంటే ఆ నంబరు పార్టీల టేబుల్‌లో ఉన్నదే కావాలన్న కట్టు. ఫారిన్ కీ ఉంటే ఇండెక్స్ (కావాల్సిన వరసల్ని నేరుగా చూపే సూచిక) కూడా ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రైమరీ కీకి (వరసను గుర్తుపట్టే కాలమ్), యునీక్‌కి (ఒకే విలువ రెండుసార్లు రాకూడని కాలమ్) ఇండెక్స్ దానంతటదే వస్తుంది. ఫారిన్ కీ పెట్టిన కాలమ్‌కు రాదు, మనమే వేసుకోవాలి. మా సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు వేయలేదు. టేబుల్ చిన్నగా ఉన్న రోజుల్లో అది ఎవరికీ తెలియలేదు. ఏడేళ్లు వరసలు పేరుకున్నాక తెలిసింది.

క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ అని ఇస్తే, ఇండెక్స్ తయారవుతున్నంతసేపూ బిల్లులు పడుతూనే ఉంటాయి, టేబుల్‌లోకి రాసేవాళ్లను ఆపదు. మధ్యాహ్నం బండ్లు వెళ్లాక వేశాను, 11 సెకన్లు పట్టింది. మర్నాటి రిపోర్ట్‌లో అదే క్వెరీ, దాదాపు అన్నేసార్లే, సగటు 1 మిల్లీసెకను. మొత్తం మూడు నిమిషాల లోపు. అక్క ఆ రోజు నా గదికి రాలేదు. పదకొండింటికి నేనే వెళ్లాను. "ఏం చేశావ్ తమ్ముడూ, నేను కొట్టేలోపే వచ్చేస్తోంది" అంది. సాయంత్రం రిపోర్ట్‌లోని ఆ రెండు పట్టికలూ ప్రింట్ తీసి ఓనరు గారికి చూపించాను. ఆయన అకౌంట్స్ అమ్మాయిని పిలిచి, రేపటి నుంచి రిపోర్టులు నీ వీలు చూసుకుని పగలే తీసుకో అమ్మా, ఆరింటికి వెళ్లిపో అన్నారు.

ఇక్కడితో అయిపోలేదు. పదిన్నర తర్వాత వచ్చే బిగింపు పోయింది గానీ, పదకొండూ ఇరవై ప్రాంతంలో ఒకరిద్దరి తెరలు ఆగిపోవడం మాత్రం అప్పుడప్పుడూ కనిపించేది. రిపోర్ట్‌లో లాక్స్ అన్న భాగం ఉంది. స్టాక్ బ్యాచ్ టేబుల్‌ను అప్‌డేట్ చేసే క్వెరీలు ఆ సమయంలో రెండేసి, మూడేసి నిమిషాలు ఆగాయని చూపించింది. ఆగినవాళ్లెవరో చెప్పింది గానీ ఆపినవాళ్లెవరో చెప్పలేదు. ఇది దీని పెద్ద లోటు. ఆపినవాణ్ని అక్కడికక్కడే పట్టుకోవాలంటే అదే నిమిషంలో డేటాబేస్‌లోకి వెళ్లి, ఇప్పుడు ఎవరేం చేస్తున్నారో చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీ చూడాలి, ఎవర్ని ఎవరు ఆపారో చెప్పే పీజీ బ్లాకింగ్ పిడ్స్ అనే ఫంక్షన్‌ను అడగాలి. పీజీబ్యాడ్జర్ జరిగిపోయినదాన్నే చెబుతుంది, ఇప్పుడు జరుగుతున్నది దానికి కనపడదు.

మూడు రోజులు కాపు కాస్తే దొరికింది. టీ టైము. పాత బిల్లును సరిచేసే విండో తెరిస్తే మా సాఫ్ట్‌వేర్ ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి ఒకేసారి ఖాయమయ్యే మార్పుల కట్ట) మొదలుపెట్టి, మార్చిన వరసల్ని సేవ్ కొట్టేదాకా పట్టుకునే ఉంటుంది. ఒక కుర్రాడు విండో తెరిచి, ఒక బ్యాచ్ సంఖ్య మార్చి, టీ వచ్చిందంటే లేచి వెళ్లాడు. అదే బ్యాచ్ మందు బిల్లు కొట్టాల్సిన మిగతావాళ్లందరూ ఆగిపోయారు. అతని కనెక్షన్ ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని కనిపించింది, 14 నిమిషాలుగా. కుర్రాడి తప్పేం లేదు, టీ తాగడం నేరం కాదు. పోస్ట్‌గ్రెస్‌లో అలా ఖాళీగా పట్టుకుని కూర్చున్న కనెక్షన్‌ను ఫలానా సమయం దాటితే తెంపేసే టైమవుట్ ఉంది. మొదట ఐదు నిమిషాలు పెట్టాను, ఇద్దరికి సగం సరిచేసిన బిల్లులు పోయి గొడవైంది. అప్పుడు అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పి, పది నిమిషాలకు మార్చాం. సేవ్ కొట్టి లేవడం ఇప్పుడు అలవాటైంది.

టెంపరరీ ఫైళ్ల భాగం కూడా ఉపయోగపడింది. వర్క్ మెమ్, అంటే పేర్చుకోవడం లాంటి పనులకు క్వెరీ వాడుకునే జ్ఞాపకం, మామూలుగా 4 ఎంబీ ఉంటుంది. ఏజింగ్ రిపోర్ట్ క్రమంలో పేర్చుకోవడానికి అది చాలక 600 ఎంబీ దాకా డిస్కు మీద రాసుకుంటోంది. అందరికీ పెంచితే 26 టెర్మినళ్లు కలిసి ర్యామ్‌ను మింగేయగలవు, అందుకని అకౌంట్స్ లాగిన్‌కు మాత్రమే పెంచాను. నాలుగు నిమిషాల రిపోర్ట్ నిమిషంన్నరకు వచ్చింది. చెక్‌పాయింట్ల భాగం చూశాను, మా దగ్గర అందులో పట్టించుకోవాల్సింది ఏమీ లేదు.

ఇక ఇబ్బందులు. అన్ని క్వెరీలూ రాయిస్తే లాగ్ చాలా పెరుగుతుంది. మాకు రోజుకు 3 జీబీ. మొదటి వారం నేను పట్టించుకోలేదు, ఆదివారం చూస్తే డిస్కు మీద ఖాళీ సగానికి పడిపోయింది. లాగ్, డేటా ఒకే చోట ఉంటే అది నిండిన రోజు డేటాబేస్ కూడా ఆగిపోతుంది. వెంటనే మా ఫైల్ సిస్టమ్ జెడ్ఎఫ్ఎస్‌లో లాగ్‌లకు వేరే డేటాసెట్ (విడి భాగం) చేసి, 20 జీబీ దాటకుండా కోటా కట్టాను, పాతవి రోజూ రాత్రి కంప్రెస్ అయ్యేలా పెట్టాను. కంప్రెస్ చేసిన ఫైళ్లను పీజీబ్యాడ్జర్ నేరుగా చదువుతుంది, విప్పాల్సిన పని లేదు. ఇప్పుడు మంగళవారం ఒక్కరోజు సున్నా, అంటే అన్ని క్వెరీలూ రాస్తుంది, మిగతా రోజుల్లో 250 మిల్లీసెకన్లు దాటినవి మాత్రమే. మంగళవారమే ఎందుకంటే సోమవారం ఆర్డర్ల తాకిడి మామూలు కన్నా ఎక్కువ, లెక్క తప్పుదారి పడుతుంది.

రెండోది మరీ ముఖ్యం. లాగ్‌లో అసలు విలువలు ఉంటాయి: పార్టీల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు. రిపోర్ట్‌లోకీ అవే వస్తాయి. బయటివాళ్లకు పంపాలంటే విలువల్ని మరుగుపరిచే అనానిమైజ్ ఆప్షన్ వాడండి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు పంపింది నేను అలాగే పంపాను. రిపోర్ట్‌ను ఆఫీసు వెబ్ సర్వర్ మీద పాస్‌వర్డ్ లేకుండా పెట్టకండి, ఎవరి బాకీ ఎంతో పక్క షాపువాడికి తెలియాల్సిన పని లేదు.

పేజీ కూడా బరువే. కంప్యూటర్‌లో బాగానే తెరుచుకుంటుంది, ఫోన్‌లో మాత్రం కష్టం. పట్టికలు చాలా ఉంటాయి, కొత్తవాళ్లు ఎక్కడ చూడాలో తెలియక గ్రాఫ్‌లు చూసి మూసేస్తారు. నా సలహా, మొదటి వారం గ్రాఫ్‌ల జోలికే పోకండి, మొత్తం సమయం పట్టిక ఒక్కటే చూడండి. ఇంకొక మాట. ఏ క్వెరీ అన్నది ఇది చెబుతుంది, ఎందుకు అన్నది చెప్పదు. దానికి ఎక్స్‌ప్లెయిన్ చదవడం నేర్చుకోవాలి.

పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఉండగా ఇదెందుకు అని ఒకరిద్దరు స్నేహితులు అడిగారు. పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే ఎక్స్‌టెన్షన్ అది, లాగ్ బరువు లేకుండా ఇదే రకం మొత్తాలు ఇస్తుంది. ఇప్పుడు అదీ వాడుతున్నాను. కానీ అందులో గంటగంటకూ విడివిడిగా లెక్క రాదు, ఏ విలువలతో నడిచిందో ఉండదు, లాక్‌ల కోసం ఆగిన వివరం ఉండదు. పదకొండూ ఇరవైకి ఏమైందని అక్క అడిగితే జవాబు పీజీబ్యాడ్జర్ దగ్గరే దొరికింది.

నేనిచ్చేది ఐదుకు నాలుగు. ఒకటి తగ్గించింది ఖాళీ రిపోర్ట్ చేతిలో పెట్టి కారణం చెప్పనందుకు, ఆపినవాళ్ల పేరు చెప్పనందుకు. పోస్ట్‌గ్రెస్ నడుపుతూ ప్రత్యేకంగా డీబీఏ (డేటాబేస్ చూసుకునే మనిషి) లేని మా లాంటి చోట్లకు దీన్ని గట్టిగా చెబుతాను. మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ కాకపోతే ఇది మీకు పనికిరాదు.

పోయిన మంగళవారం రిపోర్ట్‌లో పార్టీ బాకీ ఎక్కడో పన్నెండో స్థానంలో ఉంది. బాకీని బిల్లుకు ఒక్కసారే తెచ్చేలా మారుస్తామని సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒప్పుకున్నారు, ఇంకా మార్చలేదు. ఇప్పుడు మొదటి స్థానంలో ఉన్నది మందు పేరు వెతికే క్వెరీ. పేరు మధ్యలో ఉన్న అక్షరాలతో కూడా వెతుకుతుంది కాబట్టి మామూలు ఇండెక్స్ దానికి అందదు. పీజీ ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్‌తో జిన్ అనే రకం ఇండెక్స్ వేసి చూడాలి. అది మూడేసి అక్షరాల ముక్కలతో పనిచేస్తుంది, మా వాళ్లేమో రెండు అక్షరాలు కొట్టగానే జాబితా కోసం చూస్తారు. మూడో అక్షరం దాకా ఆగి వెతికేలా చేస్తే మీకు ఇబ్బందా అని నిన్న అక్కను అడిగాను. "ఒక్క అక్షరమే కదా తమ్ముడూ, కొడతాంలే" అంది. ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు వేస్తాను.